ఫెర్న్‌హోల్ట్ పడవ

జూన్ 9, సోమవారం

ఎనిమిదో ఇంటర్వ్యూ కూడా పోయింది. టెక్నికల్ అంతా టకటకా చెప్పాను. చివర్లో హెచ్ఆర్ ఆవిడ నా రెజ్యూమె తిరగేసి, ఈ మూడేళ్ళ గ్యాప్ ఏమిటి అంది. ఉన్నదే చెప్పాను. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి, మంగళ, శుక్రవారాలు సోమాజిగూడలో డయాలసిస్, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు, పక్కన కూర్చునేది నేనే, పోయిన ఏడాది అమ్మ పోయింది అని. ఆవిడ మొహం జాలిగా పెట్టింది. వీ విల్ గెట్ బ్యాక్ టు యూ అంది. జాలి చూపించిన వాళ్ళెవరూ ఇంతవరకు నాకు మళ్ళీ ఫోన్ చేయలేదు.

నాకు అబద్ధం రాదు. చెప్పబోతే కుడిచెయ్యి దానంతటదే పోయి చెవి పట్టుకుంటుంది. చిన్నప్పుడు అమ్మ నన్నేమీ అడిగేది కాదు, నా చెయ్యి ఎక్కడుందో చూసేది.

జూన్ 10, మంగళవారం

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోచింగ్‌లో నా పక్క సీటు మంజూష. బోరబండ నుంచి వస్తుంది, నోరు మాత్రం ఆరు సీట్ల ఆటో. ఎన్ని దినాలు గిట్ల సత్యహరిశ్చంద్రుని చెల్లెలి లెక్క తిరుగుతవే అని నన్ను తిట్టి, అమీర్‌పేటలో ఒక గల్లీలోకి లాక్కుపోయింది. మూడో అంతస్తు, బోర్డు లేదు. హనుమత్ప్రసాద్ గారి ఆఫీసు. అక్కడ దొంగ ఎక్స్‌పీరియెన్స్ అనే మాట ఎవరూ అనరు. ప్రొఫైల్ అంటారు.

ఏంటమ్మా, ఎనిమిది చోట్లా నిజమే చెప్పావా, ఎవరికి ఉపయోగం అని అడిగారాయన. నీ గ్యాప్ మీద ఒక ప్రాజెక్ట్ కూర్చోబెడతాను, కనపడకుండా పోతుంది అన్నారు. చేతిలో ఇరవై రెండు పేజీల జిరాక్స్ పెట్టారు.

అమెరికాలో, ఒహాయోలో, ఫెర్న్‌హోల్ట్ అని ఒక చిన్న పాత ఊరు. జనం వెయ్యిన్నూట నలభై మంది. అంతమంది మా బల్కంపేట గల్లీలోనే ఉంటారు. ఆ ఊరికి వచ్చేవాళ్ళు చూడాల్సినవీ చేయాల్సినవీ అన్నీ పెట్టిన వెబ్‌సైట్‌ని నేను మూడేళ్ళు టెస్ట్ చేశానట. ముఖ్యంగా ఫెర్రీ బుకింగ్ మాడ్యూల్. అంటే నది దాటించే పడవకి టికెట్లు.

జూన్ 12, గురువారం

ఫెర్న్‌హోల్ట్‌లో చూడాల్సినవి: 1838 నాటి పిండిమర. రాతి జైలు, ఇప్పుడు మ్యూజియం. కోర్టు మెట్ల మీద శనివారం బ్యాండు. సబ్బులు చేయడం నేర్పే ముసలావిడ ఇల్లు. అక్టోబర్‌లో యాపిల్ పండగ. శ్మశానంలో గైడెడ్ టూర్. శ్మశానంలో చూడ్డానికేముందో, టికెట్టు కొని మరీ!

ఇంట్లో కూర్చుంటే తలకెక్కడం లేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడుస్తూ బట్టీ పట్టాను. మెట్రో స్టేషన్ దగ్గర పిండిమర, ఫ్లైఓవర్ కింద జైలు. ఒకతను నా చేతిలో స్పోకెన్ ఇంగ్లిష్ పాంఫ్లెట్ పెట్టాడు. నాకే ఎందుకు పెట్టాడో అని ఇంటిదాకా మండిపడ్డాను.

జూన్ 15, ఆదివారం

బాపుకి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయాను. పంజాగుట్టలో రెడీమేడ్ షాపు మెట్ల కింద ఆయన మిషను, జీన్సు పాయింట్లు పొట్టి చేస్తాడు. అందరూ శివరాములు సేట్ అంటారు, మెట్ల కింద కూర్చున్న సేటు. ప్రాజెక్ట్ ఒప్పజెప్తాను, నువ్వు ప్రశ్నలు వెయ్యి అన్నాను.

గా ఊర్ల టైలర్ ఉన్నడా అని మొదటి ప్రశ్న. లిస్టులో లేడు అన్నాను. టైలర్ లేని ఊరు గదేం ఊరే, పాయింటు పొడుగైతే మడ్శి తొడుక్కుంటరా అన్నాడు. నవ్వొచ్చింది. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ, చలికాలం నది గడ్డ కట్టదా, అప్పుడు పడవెట్ల నడుస్తది బిడ్డా అన్నాడు.

ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా లేదది.

జూన్ 15, సాయంత్రం 6

వెతికాను. పడవ లేదు!

1996లోనే ఆపేశారు. నది మీద బ్రిడ్జి వచ్చింది. ఆ ఊరి లోకల్ పేపర్లో ఫొటో ఉంది: పడవని తీసుకొచ్చి పార్కులో పెట్టి, అందులో మట్టి నింపి పూలమొక్కలు నాటారు. ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మే కాలానికి ఆ పడవలో బంతిపూలు పూస్తున్నాయి.

ఇన్నాళ్ళ కోచింగ్‌లో నేను పట్టుకున్న అసలైన తప్పు, అసలైన బగ్ ఇదే.

జూన్ 16, సోమవారం

హనుమత్ప్రసాద్ గారు ఫొటో చూసి, పూలు బావున్నాయమ్మా అన్నారు. పదకొండేళ్ళ నుంచి ఇవే పేజీలు ఇస్తున్నానట, ఎంతోమంది సెటిలయ్యారట, ఒక్కడూ పడవ ఎక్కడానికి పోలేదట. అవతలివాళ్ళు అడిగేది ఊరి గురించి కాదు, నువ్వు తడుముకుంటావా లేదా అన్నది చూస్తారు, అంతే అన్నారు. ముందు ఆ చెవి వదిలెయ్యమ్మా అని కూడా అన్నారు.

జూన్ 22, ఆదివారం

బాపు రెజ్యూమె చదివించుకున్నాడు. తేదీల దగ్గర ఆగమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. గా మూడేండ్లు నువ్వు మీ అమ్మ తాననే ఉంటివి గదనే, అమ్మను, రాజమణిని కొట్టేశి పడవ రాసినవా అన్నాడు.

మిషను తొక్కుకుంటూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎనిమిది చోట్ల అమ్మ పేరే చెప్పాను కదా! ఏమిచ్చారు?

జూన్ 23, సోమవారం

అన్నం తినేటప్పుడు బాపు తనంతట తనే ఆ మాట ఎత్తాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో, మగ్గం తప్ప మరో పని తెలియకపోయినా, ఖైరతాబాద్‌లో ఒక మాస్టర్ దగ్గరికి పోయి కోటు కుట్టుడొస్తది అని చెప్పాడట. మొదటి కోటుకి రెండు చేతులూ ఎడమచేతివే కుట్టాడట. నాలుగో కోటు దాకా మస్తు తిట్లు తిన్న, ఐదోదానికి నా మాట నిజమైంది అన్నాడు. నీకు పనైతే వచ్చు గద, పో అన్నాడు.

వచ్చు. పని వచ్చు నాకు.

జూలై 1, మంగళవారం

ఎల్లమ్మ కల్యాణం. బల్కంపేటంతా జనం, డప్పులు. ఆ గోలలో ఫోన్. గురువారం ఇంటర్వ్యూ, సోమాజిగూడలో. చెవిలో వేలు పెట్టుకుని యెస్ మేడమ్, యెస్ మేడమ్ అని అరిచాను.

జూలై 2, బుధవారం

నిద్ర లేదు. పిండిమర, జైలు, బ్యాండు, సబ్బు, యాపిల్, శ్మశానం, పడవ.

జూలై 3, గురువారం

అమ్మకి డయాలసిస్ చేయించిన ఆ హాస్పిటల్ ముందునుంచే పోవాలి. తల తిప్పకుండా నడిచాను.

లోపల ఇద్దరు. హెచ్ఆర్ దివ్యశ్రీ, మేనేజర్ గిరిబాబు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన టెస్ట్ కేసులు అడిగాడు, చెప్పాను. ఎక్స్‌ప్లెయిన్ యువర్ ప్రాజెక్ట్ అన్నాడు. ఫెర్న్‌హోల్ట్ అన్నాను.

ఆయన పెన్ను ఆగిపోయింది. మొదట నాకర్థం కాలేదు. దివ్యశ్రీ మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. అరే, వాట్ ఎ కోయిన్సిడెన్స్, మన గిరిబాబు గారు సుత ఫస్ట్ జాబ్‌లో అదే ప్రాజెక్ట్ కదా, ఆయన ప్రొఫైల్‌లో చూశాను, ఫెర్రీ బుకింగ్ అంది.

ఏసీ గదిలో ఆయన నుదుటి మీద చెమట. పదకొండేళ్ళు, మూడో అంతస్తు, ఇరవై రెండు పేజీలు. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఒక్క మాట చాలు. పడవ 1996లోనే పోయింది మేడమ్ అంటే ఇద్దరం కలిసి మెట్లు దిగుతాం. ఆయనకి పెళ్ళాం పిల్లలు ఉండే ఉంటారు. ఆ క్షణంలో నాకు ఆ ఆలోచనే వచ్చింది, నా ఉద్యోగం కాదు. అబద్ధం ఎందుకు, రెండూ వచ్చాయి.

దివ్యశ్రీ ఎదురుచూస్తోంది. ఆయన గొంతు సవరించుకుని, అందులో నువ్వు చూసిన పెద్ద బగ్ ఏందో జర చెప్పు అన్నాడు.

చలికాలం నది గడ్డ కడుతుంది సార్, పడవ నడవదు, కానీ సైట్ మాత్రం టికెట్లు ఇస్తూనే ఉంటుంది, నేను అది పట్టుకున్నాను అన్నాను. బాపు ప్రశ్న!

ఆయన ఊపిరి వదిలాడు. ఔను, గా బగ్ నాకు యాదికుంది, మా టైం నుంచే ఉండె, ఎవరం పట్టుకోలే అన్నాడు. మంచిగ పట్టుకున్నవ్ అని కూడా అన్నాడు. దివ్యశ్రీ రాసుకుంది.

గ్యాప్ గురించి ఎవరూ అడగలేదు. గ్యాపే లేదు కదా.

బయటికొచ్చాక హాస్పిటల్ గేటు ముందు నిలబడ్డాను. చాలాసేపు.

జూలై 9, బుధవారం

సెలెక్టెడ్. మంజూష గల్లీ అదిరేలా అరిచింది. బాపు షాపు వాళ్ళకి బాదుషాలు పంచాడు. అమ్మ ఫొటో ముందు ఒకటి పెట్టాడు. నేను ఆ ఫొటో వైపు చూడలేకపోయాను.

జూలై 18, శుక్రవారం

పాత ఉద్యోగం నిజమా కాదా అని కంపెనీ వాళ్ళు చేసే వెరిఫికేషన్ అయిపోయింది. హనుమత్ప్రసాద్ గారే ఫోనెత్తి, నిరోష మా దగ్గర మూడేళ్ళు బంగారంలా పనిచేసింది అని చెప్పారట. గొంతు కూడా మార్చారట.

జూలై 21, సోమవారం

జాయినయ్యాను. మధ్యాహ్నానికే ఒక నిజం బగ్ పట్టుకున్నాను. గిరిబాబు గారు నా సీటు వైపు రాలేదు.

జూలై 25, శుక్రవారం

లిఫ్ట్‌లో ఇద్దరమే. ఆయన నేల చూస్తూ, ఇన్నేండ్లల్ల నేను ఎన్నడూ ఎతకలే, ధైర్యం చాలలే, గా ఊర్ల నిజంగ పడవ ఉందా నిరోషా అన్నాడు.

ఉంది సార్ అన్నాను. మంగళవారం, శుక్రవారం. నాలుగు గంటలు పడుతుంది. నేను పక్కనే కూర్చునేదాన్ని.

చెయ్యి చెవి దగ్గరికి పోలేదు.