పెద్ద లెక్కలు

ఊరిగాం,
12 జూన్ 1975

ప్రియమైన తాయమ్మకు ఆశీస్సులు.

నిన్న పొద్దున సంగతి రాస్తాను. ఆరు గంటల సైరన్‌కు ముందే దీపం పెట్టాను. తమ్ముడు చెన్నరాయప్ప గనికి బయలుదేరుతున్నాడు. వాడి కూతురు, తల్లి లేని మునిలక్ష్మి గడప మీద కూర్చుని, ఒక చేత్తో జడ విప్పుకుంటూ ఇంకో చేత్తో లెక్కల పుస్తకం పట్టుకుని ఉంది. నేను సంగటి ముద్ద క్యారియర్‌లో పెడుతున్నాను.

“ఏమ్మా, ఆ పుస్తకంలో యాడన్నా బంగారం ఉండాదా?” అన్నాడు వాడు.

“ఉండాది నాయనా. మీ గనిలో కంటే ఎక్కువే.”

మా బడి నర్సరీ నుంచి పదో తరగతి దాకా. ఇప్పుడు ఎనిమిదిలో దారి రెండుగా చీలుతుంది. పెద్ద లెక్కలు చదివినవాళ్ళే కాలేజీలో సైన్సుకు పోగలరు. చిన్న లెక్కలూ కుట్టుపనీ తీసుకుంటే ఆ తలుపు లేదు. పెద్ద లెక్కల తరగతి నాలుగు దాటాక. ఆ వేళకు షిఫ్టు వదిలి రోడ్డంతా మగవాళ్ళు. అందుకని ఆడపిల్లలందరినీ కుట్టుపనిలో వేశారు. ఈ ఏడు ఎనిమిదికి వచ్చిన మునిలక్ష్మిని కూడా. మూడు రోజులుగా అది అన్నం సరిగా తినడం లేదు. దేవుడు చూసుకుంటాడు.

నీ మేలు కోరే అక్క,
గురువమ్మ


టేకల్,
19 జూన్

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ వాన పడింది. రాగులు చల్లినాము.

“వేశారు” అని రాసినావు. ఎవరు వేసినారక్కా? ముప్పై ఏండ్లుగా ఆ బడిలో ఉండేది నువ్వు. ఏ పిల్లకు ఏ పాఠమో రాసేది నువ్వు. నన్నూ ఎనిమిదిలోనే ఆపినావు. అమ్మ పోయిన ఇంట్లో నీ మాటే మాట. దారి మంచిది కాదన్నావు, నేను పుస్తకాలు అటక మీద పెట్టేసినాను. ఎరువు సంచి మీది రాత చదవాలంటే మా మామ ఇప్పటికీ నన్నే పిలుస్తాడు. “మా కోడలు పంతులమ్మ” అని నవ్వుతాడు. ఆయన నవ్వినప్పుడంతా నేను సంచి అక్కడే పెట్టి లోపలికి పోతాను.

ఈ పని దేవుడి మీద వేయొద్దు.

నీ చెల్లెలు,
తాయమ్మ


ఊరిగాం,
7 జూలై

ప్రియమైన చెల్లికి,

జవాబు రాయలేక నీ ఉత్తరాన్ని రెండు వారాలు దేవుడి గూట్లో ఉంచాను. వేసింది నేనే. బడి నియమాల పుస్తకంలో “ఎనిమిదిలో తీసుకున్న లెక్కలు పదో తరగతి దాకా మార్చకూడదు” అన్నదీ నా చేతిరాతే. పిల్లలు ఊరికే అటూ ఇటూ మారుతున్నారని నాలుగేళ్ళ కిందట రాశాను. మునిలక్ష్మి పేరు కుట్టుపనిలో చేర్చిన రోజు, మంచే చేస్తున్నానని ప్రార్థన కూడా చేశాను.

మునిలక్ష్మిని పెద్ద లెక్కలకు మార్చమని ఈరోజు హెడ్మాస్టరుగారిని అడిగాను. ఆయన ఆ పుస్తకమే తెరిచి నా ముందు పెట్టారు. “మీరు రాసిందే కదమ్మా. మీ ఇంటి పిల్లకొకటి, ఊరి పిల్లలకొకటా?” అన్నారు. ఒకటే దారి ఉందట. వచ్చే ఏడు మళ్ళీ ఎనిమిదిలో చేరితే కొత్తగా ఎంచుకోవచ్చు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాము. అంతా చెప్పాను.

“ఫెయిలైందంటారు గదా గని లైనిండ్లలో అందరూ,” అన్నాడు తమ్ముడు.

“అననీ నాయనా. ఈ ఏడు రవిక కుట్టేది నేర్చుకుంటా. వచ్చే ఏడు అదే తొడుక్కొని పెద్ద లెక్కలకు పోతా.”

“ఇంగ సాయంత్రం తోడెవరు? నేను పైకి వచ్చేది ఒకోనాడు ఆరవతాది.”

“నేను,” అన్నాను.

మునిలక్ష్మి నా వైపు చూడకుండానే అంది. “అది నీ జపం వేళ గదత్తా.”

“బడిలో చేసుకుంటాను.”

నిశ్చయించింది ఇదీ. అది మళ్ళీ ఎనిమిది చదువుతుంది. ఆ నియమం తీసేయమని నేను రేపే కాగితం ఇస్తాను. తక్కిన పదకొండు మంది ఆడపిల్లల ఇళ్ళకూ తమ్ముడూ నేనూ వెళ్ళి, మీ బిడ్డకు ఏమి కావాలో నేను అడగలేదని చెప్పి, ఇప్పుడు అడుగుతాము. అందరికంటే ముందు నిన్నడగడానికి టేకల్‌కు పోవాలంది మునిలక్ష్మి. తమ్ముడు సరేనన్నాడు. శనివారం రైలుకు వస్తున్నాము.

అక్క,
గురువమ్మ