రేవులో నిలబడ్డ ఆమె

మీరు పోయి నేటికి ఏడాది. మీరు హైదరాబాదులో చూసొచ్చి ఇంటిల్లిపాదికీ చెప్పిన ఇంగ్లీషు గూఢచారి సినిమా, ఆ వరుసలో మూడోది, ఇన్నేళ్లకు తాండూరు వచ్చింది. నిన్న మనవరాలిని తీసుకుని మ్యాట్నీకి వెళ్లాను.

పడవల మీద తరుముకోవడం బాగుంది, మిగతా కథ పలుచన. చివర రేవులో ఆ గూఢచారి కోసం నిలబడింది మీరు చెప్పినట్టు భార్య కాదు, అతన్ని పట్టివ్వడానికి వచ్చిన శత్రువుల మనిషి. మీకు ఇంగ్లీషు రాదు కనుక బొమ్మలు చూసి కథ మీరే అల్లుకున్నారు. మీ కథే నయం.

బయటికి రాగానే పిల్ల అడిగింది. "అవ్వా, గా రేవుకాడ నిలబడ్డామె గాయన పెండ్లామే గదా? తాత గట్లనే చెప్పిండు."

అబద్ధమాడితే బడిలో పిల్లలతో గోడకుర్చీ వేయించే నేను, "ఔ బిడ్డా, పెండ్లామే. జల్ది నడువు, బస్సు పోతది" అన్నాను.