ఖిదిర్‌పూర్‌లో పురుడు

ఖిదిర్‌పూర్, కలకత్తా

అమ్మకు, నీ చిన్న కూతురు గౌరి కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. కడుపులో ఉన్నవాళ్లను కూడా కలుపుకుంటే ముగ్గురం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అన్నయ్య చేపల వేటకి వెళ్తున్నాడా? వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు. నువ్వు కూడబలుక్కుని చదువుకుంటావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

కంగారు పడనని ముందు ఒట్టేసుకుని మిగతాది చదువు. ఏడో నెలలో నన్ను తీసుకెళ్లడానికి అన్నయ్యని పంపుతానన్నావు కదా, పంపకు. పోయిన నెల ఒంట్లో తేడా చేస్తే ఆస్పత్రికి వెళ్లాం. ఇప్పుడు బాగానే ఉన్నాను, బిడ్డా బాగుంది, నిజంగా బాగున్నాం. కానీ పురుడయ్యేదాకా రైలెక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది. తొలికాన్పుకి పుట్టింటికి రాకపోతే నువ్వెంత బాధపడతావో నాకు తెలుసు. అత్తగారు కూడా లేని ఇంట్లో నాకు పురుడెవరు పోస్తారని నేనూ ఏడ్చాను.

ఆరోజు ఆస్పత్రికి వెళ్తుంటే ఓడలు ఆగే డాక్ దగ్గర వంతెన తెరిచేశారు. ఇక్కడ ఓడ వచ్చిందంటే వంతెన తెరుచుకుంటుంది. ఓడ దాటేదాకా బస్సులూ మనుషులూ ఆగాల్సిందే. రిక్షాలో నా ప్రాణం గిలగిలలాడిపోతోంది. పక్కింటి పైడితల్లి మామ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నా మనసు మళ్లించడానికి, మేముండే ఈ లైన్లు, అదే డాక్ కూలీల వరసిళ్లు, ఎలా పుట్టాయో చెప్పింది.

"ఏడవకే గుంటా. మా మావ మన ఊర్లకాడ నుంచి మూటలు మొయ్యడానికొచ్చినపుడు ఇక్కడ అందరూ మగోళ్లే. ఒకే కుండలో వొండుకు తినీవోరు. తరవాత మా అత్తొచ్చింది. నొప్పులొస్తే పట్టుకోడానికి ఎవుళ్లూ నేక ఒక్కర్తీ కనీసింది. అప్పుడే ఒట్టెట్టుకుందట, ఈ లైన్లల్లో ఇంకెవుర్తీ ఒంటిగా కనకూడదని. ఇప్పటికీ ఆ ఒట్టు తప్పనేదు. నీకాడ తప్పుతామేటి?"

అమ్మా, మామ్మ అన్నంత పనీ చేసింది. అప్పట్నుంచి నేను బిందె ఎత్తితే ఒట్టు. కుళాయి దగ్గర ఎవరు ముందుంటే వాళ్లు నా నీళ్లు పట్టేస్తారు. కరెంటు పోతే ఎవరో ఒకరు వచ్చి విసురుతారు. ఇక్కడ కరెంటు పోవడం కంటే ఉండటమే వింత. ఎదురింటి బెంగాలీ ఆవిడ మినతి దీదీ నన్ను పీటమీద కూర్చోబెట్టి చేపల కూర, పాయసం పెట్టింది. మన సీమంతం లాగే వాళ్లకీ ఒక వేడుక ఉందట. ఆవనూనె వాసన మొదట్లో కడుపులో తిప్పేది, ఇప్పుడు లేకపోతే ముద్ద దిగదు. మీ అల్లుడు నన్ను బాగా చూసుకుంటున్నాడు. యూనియన్ ఊరేగింపు రోజు గొంతు పోగొట్టుకుని వస్తాడు. ఆరోజు ఇంట్లో నాదే రాజ్యం. ఇంతమంది ఆదరిస్తుంటే ఏం పుణ్యం చేసుకున్నానో అనిపిస్తుంది.

ఇంకో సంగతి. మినతి దీదీ బిడ్డకి బొంత కుడతానంది. కొత్త గుడ్డ తీసుకెళ్తే పక్కన పెట్టేసి "మాయేర్ శాడీ చాయ్" అంది. అమ్మ చీరే కావాలట, కట్టి కట్టి మెత్తబడినది. నాకు వెంటనే నీ నీలం చీర గుర్తొచ్చింది, చేపలు ఎండేసేటప్పుడు కట్టుకుంటావే, అది. దాన్ని పార్సెల్ చెయ్యమని నీకు రాస్తానంటే మామ్మ కస్సుమంది.

"వొట్టి చీరేటి చేసుకుంటావే? నాను ఎందరికి పురుడోసినా అమ్మనవుతానేటి?"

అప్పుడు తెలిసింది, నేను అడగాల్సింది అడగడానికి భయపడుతున్నానని. నువ్వు పలాస దాటి రైలెక్కలేదు. కలకత్తా అంటేనే నీకు గుండెదడ. అయినా అడుగుతున్నాను. అన్నయ్య నీతో వస్తాడు, హౌరాలో మీ అల్లుడు నిలబడి ఉంటాడు. మామ్మ తన మంచం ఇప్పుడే ఖాళీ చేసేసింది, నులక బిగించి మరీ ఉంచింది. ఇక్కడ నాకు అందరూ ఉన్నారమ్మా. నువ్వే లేవు.

ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు. నా తలమీద చెయ్యి వేశావనే అనుకుంటూ,

నీ
గౌరి

ఆ నీలం చీర పార్సెల్ చెయ్యకు. కట్టుకుని రా.