ఆమెన్ దాకా రాని ప్రార్థన

ఛత్రినాక,
ఆదివారం మధ్యాహ్నం.

స్వీటీ వాళ్ళ డాడీకి,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి అమల రాస్తున్నది. కొండల్లో మీరు, మీ తోటి డ్రైవర్లు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అత్తమ్మ క్షేమం, నేను క్షేమం. మూడో పేరు రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అందుకే ముందు మీరు అడిగినవాటికి జవాబు చెప్తాను.

అత్తమ్మ మోకాలు కాస్త నయం. మెట్లు ఎక్కొద్దంటే ఆమె వినేరకమా, ఎక్కుతూనే ఉంది. శాలిబండ షాపువాళ్ళు చీరలకు ఫాల్ కుట్టమని మూటలకు మూటలు పంపుతున్నారు, పనికి లోటు లేదు. మీరు పంపిన ఎండు ఖుబానీ పండ్లు అందాయి. మీఠా చేస్తానని అత్తమ్మ నానబెట్టి మరిచిపోతే చీమలకు పండగైంది.

ఇక స్వీటీ సంగతి. పోయిన ఉత్తరం కింద బిడ్డ రెండు ముక్కలు ఎందుకు రాయలేదు, సిగ్నల్ దొరికి ఫోన్ చేస్తే ఎందుకు రాదు, నా మీద అలిగిందా అని అడిగారు. పరీక్షలని చెప్పాను. అది అబద్ధం.

బోనాల ముందు దానికి జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. మందుల షాపు మాత్రలతోనే తగ్గిపోయింది. తగ్గిన కొద్దిరోజులకే పిల్ల వేరే పిల్ల అయిపోయింది. అన్నం ముందు ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ దాకా రాదు. మధ్యలో ఎక్కడో ఆగి, తల విదిలించి, మళ్ళీ మొదటినుంచి. కంచంలో అన్నం చల్లారి గడ్డకట్టేది.

మీ అమ్మ మురిసిపోయింది. “నా మనవరాలి మీద అభిషేకం దిగిందే అమలా, నువ్వు నడుమ అడ్డం రాకు” అంది. పాస్టరమ్మ దాన్ని సంఘం ముందు నిలబెట్టి చూపించింది. ఇక చూడండి. ఒకామెకు వీసా రావాలి, ఒకాయనకు నయాపూల్ కోర్టులో కేసు తేలాలి, ఒకామె కోడలికి కడుపు పండాలి. అందరూ వచ్చి ప్రార్థించమని బిడ్డ చెవిలో పేర్లు వేసిపోయారు. నాకు కోపమే రాలేదు. గర్వంగా పక్కన నిలబడ్డాను.

తరువాత టీచరు కబురు పంపింది. ముత్యాల్లాంటి రాత కోడి కెలికినట్టు అయిందట. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతోంది. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

“ఎవల పేరన్న మర్సిపోతే ఆల్లు సచ్చిపోతరు మమ్మీ. గందుకే మల్ల మొదటి సంది చెప్తున్న.”

కింది పోర్షన్ షారోన్ నర్సు కదా, ఆమె పెద్దాసుపత్రికి తోలుకుపోయింది. డాక్టరమ్మ అంతా విని, “ఈ మధ్య గొంతునొప్పి గిట్ల వచ్చిందా?” అంది. ప్రార్థనకూ గొంతుకూ ఏం సంబంధమో నాకు తెలియలేదు. క్రిమిని చంపడానికి ఒంట్లో రక్షణ పుడుతుందట. ఒక్కో బిడ్డలో ఆ రక్షణే పొరబడి, క్రిమి పోలికలు చూసి మెదడులో ఓ చోటును శత్రువనుకుని కొడుతుందట. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయించే భయం అక్కడ పుడుతుందట. రక్తం తీశారు. “అదేనని నేను ఖాయంగ చెప్పలేనమ్మా, కానీ గుర్తులు గట్లనే ఉన్నయి. పిల్లను ఏమనకుండ్రి” అంది. మందులు మొదలుపెట్టారు, వారం వారం కౌన్సెలింగ్ ఉంది. కోలుకునే పిల్లలు చాలామంది ఉన్నారంది. ఆ మాటనే పట్టుకుని ఉన్నాను.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. “రోగాన్ని సూసి మురిసిన గదనే” అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెను మీరు ఏమీ అనకండి.

మీరు అడిగిందానికి జవాబు ఇప్పుడు చెప్తాను. బిడ్డ మీ మీద అలగలేదు. అన్ని పేర్లూ చెప్పగలుగుతోంది, మీ పేరు దగ్గరికి వచ్చేసరికి మనసులో ఏదో చెడ్డ బొమ్మ పడుతుందట. ఆ బొమ్మతో మీ పేరు పలికినా, మీ గొంతు విన్నా, మీ బండి లోయలో పడుతుందని దాని భయం. మీరు బతకాలనే మీతో మాట్లాడటం మానేసింది.

దాని ప్రార్థనలో మేమెవ్వరం కలవకూడదని, కలిస్తే భయం బలపడుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నిన్న టీవీలో మీ వైపు కొండచరియలు విరిగిపడ్డాయని చెప్పారు. స్వీటీ నా కొంగు పట్టుకుంది. “ఒక్కపారి నాతోని ప్రార్థన అను మమ్మీ, లేకుంటె డాడీ సచ్చిపోతడు.” నేను అనలేదు. గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చి, గోడకు తల ఆనించి పడుకుంది. అయినా అనలేదు.

గిన్నెలు తోముతానని బయటికి వెళ్ళాను. దానికి వినబడకుండా నల్లా పూర్తిగా తిప్పి, మీ పేరు పెట్టి ప్రార్థన చేశాను. మధ్యలో ఒక మాట తడబడింది. ఆగలేకపోయాను, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నాకు గొంతునొప్పి రాలేదు, నా రక్తంలో ఏ దోషమూ లేదు.

ఈ ఉత్తరం అందగానే సిగ్నల్ ఉన్నచోటికి వచ్చి ఫోన్ చేయండి. స్వీటీ కోసం కాదు.

ఇట్లు,
మీ గొంతు వినాలని ఎదురుచూసే
స్వీటీ మమ్మీ, అమల