సార్ ఇంటి గోడ

నాయనా,

నీ ఏడాది తిథి అయిన మర్నాడే నాకు వేలూరులో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసినా, ఆ తర్వాత జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను.

నిన్న ట్యూషన్ సార్ స్వీట్లు పట్టుకొని మన గుడియాత్తం ఇంటికి వచ్చాడు. "మేస్త్రి కూతురికి ఇంజనీరింగ్ యాలమ్మా? పోయి టైపు నేర్చుకో" అని నన్ను క్లాసులోంచి లేపి పంపిన మనిషే. ఆ రోజు నువ్వు పక్కనే ఆయన కొత్త ఇల్లు కడుతున్నావు. నన్ను ఒక్క మాటా అడగకుండా ఇటుక ముక్క చేతిలో పెట్టి, "ఈడ రాసుకోమ్మా, ఈ గోడకు సిమెంటు పూత అన్నిటికన్నా కడాన పూస్తా" అన్నావు. కిటికీలోంచి ఆయన పాఠం వింటూ నేను ఆ గోడ మీదే లెక్కలు నేర్చుకున్నాను. ఇల్లు ముగిసేనాటికి వాటి మీద నువ్వే పూత పూశావు. పరీక్ష మాత్రం నువ్వు లేకుండానే రాశాను.

ఇప్పుడు ఎస్టీడీ బూత్ పక్కన పెట్టే ట్యూషన్ బోర్డు మీదికి నా ఫోటో కావాలట. "నువ్వు మా స్టూడెంటే కదమ్మా!" అన్నాడు.

"ఫోటో యాల సార్? నేను చేసిన లెక్కలన్నీ మీ కొత్త ఇంట్లో, ఇప్పుడు క్లాసు చెప్పే గది గోడ మీద, బ్లాక్‌బోర్డు ఎనక ఉండాయి. పూత రాలగొట్టించి అందరికీ చూపించండి" అన్నాను.

ఈ పొద్దున వేలూరు బస్సు కోసం నిలబడితే స్టాపు ఎదురుగా ఉన్న ఆయన ఇంట్లోంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. కొట్టనీ. నేను రాసింది వంటింటి గోడ మీదని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?

రెండు బస్సులు వదిలేసి విన్నాను నాయనా. నీ పూత అంత తేలిగ్గా రాలడం లేదు.