కుంపటి మట్టిలో పెంకుల పొడి

కిరండుల్,
మంగళవారం.

చిరంజీవి శ్రావ్యకు నాన్నమ్మ ఆశీస్సులు.

నీ థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ చదివాను. రసాయన చర్యను వేగం చేసే మందును పట్టి ఉంచడానికి నువ్వు చేసే రంధ్రాల సిరామిక్ గుళికలు పదేపదే వేడి చేస్తే పొడైపోయేవనీ, కాల్చిన పెంకుల పొడి కలిపాక నిలబడ్డాయనీ, ఆ కిటుకు మీ అమ్మమ్మ ప్రమీలారాణి గారు చేసిన కుంపటి వల్ల తట్టిందనీ రాశావు. నా పేరు ఎక్కడా లేదు.

నీ చిన్నప్పుడు ఆ వేసవిలో మా క్వార్టర్స్ వెనక నిన్ను కూర్చోబెట్టుకుని, ఎర్రమట్టిలో ఊక కలిపితే అది కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయని చూపించింది నేను. ఆవిడ నాలుగు రోజుల తరవాత వచ్చింది. వస్తూనే, "వదినగారూ, ఇన్ని చిల్లులైతే ఇది కుంపటా, జల్లెడా?" అంది. నువ్వు నవ్వి ఆవిడ పక్కన చేరావు. ఆ పేరు కొట్టేయమని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తేదీ సరిగ్గా రాద్దామని నా నోటుపుస్తకం తీశాను. 2008 మే. నావి ఆరు కుంపట్లు, మూడోసారి నిప్పు వేసేసరికి ఆరూ పగిలాయి. పెంకుల పొడి కలిపిన ఆవిడ కుంపటి ఒక్కటే నిలిచింది, దసరా దాకా వాడాం. రాసింది నా చేత్తోనే కాబట్టి కాదనలేను.

ఆవిడ పేరు ఉండనియ్యి. కానీ రంధ్రాలే లేకపోతే నిలబెట్టడానికి ఏముంటుంది? సోమవారం థీసిస్ ఇచ్చేలోగా నా పేరు కూడా చేర్చు. ముందు నాది.

నాన్నమ్మ