సాంబ్రాణి మీద నాలుగు నిమిషాలు

జులై 4, శుక్రవారం

ఈ పబ్లిక్ స్పీకింగ్ బ్యాచ్‌లో పదకొండు మంది. పది మందికి మైకు చూస్తేనే చెమటలు. పదకొండోవాడు ధర్మేంద్ర. సోలార్ కంపెనీలో సేల్స్ చేస్తాడు, వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని ఆశ. ఇలాంటివాళ్లంటే నాకు చిరాకు, ఇష్టం కూడా.

ఈ రోజు పాఠం భయం. జనాన్ని భయపెట్టాలంటే అడవిలో పులి గురించి చెప్పకండి, వాళ్లు రోజూ చూసేదాన్నే చూపించండి అన్నాను. సోమవారానికి హోంవర్క్: లేని ప్రమాదాన్ని కల్పించి నాలుగు నిమిషాల్లో మమ్మల్ని నమ్మించాలి. పన్నెండేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ఇస్తున్నదే. పోయినసారి ఒకామె లిఫ్టుల గురించి మాట్లాడి మా అందరి చేతా వారం పాటు మెట్లెక్కించింది.

మధ్యలో గౌస్ మొహిద్దీన్ తాత వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. శుక్రవారం శుక్రవారం తిరుచానూరు రోడ్డులో నిప్పుల గిన్నె పట్టుకుని అంగడి అంగడికీ తిరిగి సాంబ్రాణి పొగ వేస్తాడు. కింద పూలమ్మే తిరుమలమ్మ దగ్గర్నుంచి మేడ మీద మా క్లాసు దాకా అందరం తల వంచి పొగ పట్టించుకుంటాం. నెమలీకల కట్టతో నా నెత్తిన తట్టి, "సల్లంగుండు మేడమ్మా" అని వెళ్లాడు. ధర్మేంద్ర ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు.

జులై 7, సోమవారం

ధర్మేంద్ర అదరగొట్టాడు.

లేచి ముందుగా "ఇది హోంవర్క్, అంతా కల్పితం" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. శుక్రవారం మన వీధిలోకి ఒక ముసలాయన వస్తాడు, ఆ గిన్నెలో ఏముండాదో ఎప్పుడైనా సూసినారా అని అడిగి, ఆగాడు. మూడు సెకన్ల పాజ్. సరిగ్గా నేను చెప్పినట్టే. ఆ పొగ పీల్చిన పిల్లలు మత్తుగా పడిపోతారన్నాడు. ఏ ఇంట్లో ఎందరు పిల్లలున్నారో ఆయన గుర్తు పెట్టుకుంటాడన్నాడు. సాయంత్రానికి వ్యాను వస్తుందన్నాడు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్న రూపశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకే ఒళ్లు జలదరించింది.

అల్తాఫ్ ఒక్కడే లేచి, ఇది బాగలేదు మేడమ్, ఆయన మా వీధి మనిషి అన్నాడు. సబ్జెక్ట్ కాదు, చెప్పిన తీరు చూడు అని కూర్చోబెట్టాను. నా శిష్యుడనే గర్వం అప్పటికే తలకెక్కింది. పదికి పది వేశాను. అందరి స్పీచులూ ఫోన్లో తీసి క్లాసు గ్రూపులో పెట్టుకోవడం మా పద్ధతి. దీన్ని మోడల్ స్పీచ్ అని పిన్ చేశాను.

జులై 10, గురువారం

వీడియో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది. మొదటి పది సెకన్లు లేవు. "మీ పిల్లలు జాగ్రత్త" అని ఎర్ర అక్షరాలు మాత్రం ఉన్నాయి.

జులై 11, శుక్రవారం

మేడ మీంచి చూశాను. తిరుమలమ్మ, ఈ వారం వద్దులే సాయిబూ, దగ్గు పట్టుకోనుండాది అంది. పక్కన టైలరు షట్టర్ సగం దించేశాడు. మిఠాయి అంగడివాడు పిల్లను లోపలికి లాక్కున్నాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆయన ఒక్కో అంగడి ముందూ కాసేపు నిలబడి ముందుకు కదిలాడు.

మా దగ్గరికి వస్తే నేను తల వంచి పొగ పట్టించుకున్నాను. వీడియో సంగతి మాత్రం చెప్పలేదు. క్లాసు పేరు బయటికొస్తుందని భయం. ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

ధర్మేంద్ర చేత ఇంకో వీడియో చేయించాను, అదంతా కల్పితం అని. నిజం చెప్పేటప్పుడు వాడి గొంతులో పస లేదు. నలభై ఒక్క మంది చూశారు. మొదటిది ఊరంతా చూసింది.

జులై 15, మంగళవారం

ధర్మేంద్రను రెండు కాలనీలవాళ్లు పిలిచి మాట్లాడించారట. శాలువా కూడా కప్పారట. నిలదీశాను. నేనేం అబద్ధం జెప్పలా మేడమ్, జాగ్రత్తగా ఉండమన్నా, అంతే కదా అన్నాడు. వారం కింద వాడే నా ముందు నిలబడి కల్పించిన కథ. ఇప్పుడు వాడే నమ్ముతున్నాడు. వాణ్ని చూస్తే నాకు భయమేసింది.

జులై 16, బుధవారం

పోలీస్ స్టేషన్ మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చాను. క్లాసు గ్రూప్ అడ్మిన్‌ని నేనే.

జులై 18, శుక్రవారం

తాత కుంటుతూ వచ్చాడు. చేతిలో గిన్నె లేదు. బస్టాండు దగ్గర ఎవడో గిన్నెను తంతే నిప్పులు కాలి మీద పడ్డాయి. నువ్వు మాటలు నేర్పించేదానివి గదమ్మా, నాకూ రొండు మాటలు నేర్పీ అన్నాడు. పట్టుకోని అడిగితే నాకు నోరు పెగల్దు, తడబడతా, తడబడితే దొంగంటాండారు అన్నాడు.

కొన్నాళ్లు ఇంట్లోనే ఉండు తాతా అన్నాను. మా నాయన కాలం నుంచి ఏస్తాండే పొగ, నిలిపేస్తే తప్పు జేసినోడే అనుకోరా అన్నాడు. ఈ వీధిలో ఎవరూ రానివ్వడం లేదు కాబట్టి ఇక పల్లెలకు పోతాడట.

గంటసేపు నేర్పాను. అరచేతులు కనపడేలా పెట్టు. కళ్లలోకి చూడు. పేరు చెప్పు, నాయన పేరు చెప్పు, ఎన్నేళ్లుగా ఏ వీధిలో వేస్తున్నావో చెప్పు, ఎవరిని అడగొచ్చో చెప్పు. ప్రతి మాటకూ మధ్య ఆగు. నాలుగోసారికి ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. ఎంత మురిసిపోయాడో. ఆ వీడియో ఎవరిదో చెప్పడానికి గంట టైముండింది నాకు. పాఠం చెప్పడమే సుళువనిపించింది.

జులై 25, శుక్రవారం, సాయంత్రం 5

అల్తాఫ్ ఫోన్. చంద్రగిరి అవతల ఏదో పల్లెలో తాతను చుట్టుముట్టారు. ఆయన నేను నేర్పినట్టే నిలబడ్డాడు. అరచేతులు చూపించాడు. కళ్లలోకి చూసి, ఆగి ఆగి, పొల్లుపోకుండా చెప్పాడు. జనం కాసేపు మెత్తబడ్డారట.

అంతలో ఒకడు అన్నాడు: "పొగ ఏసేటోడు ఇంత బాగా మాట్లాడతాడా? ఎవురో నేర్పించి పంపినారబ్బా. దీని ఎనకాల గ్యాంగ్ ఉండాది."

నేర్పిందెవరో చెప్పమని కొట్టారు. కట్టెలతో కొట్టారు. పోలీసులు వచ్చేదాకా కొట్టారు.

ఆయన నా పేరు చెప్పలేదు.

జులై 26, శనివారం

ధర్మేంద్ర క్లాసు గ్రూప్ వదిలి వెళ్లిపోయాడు. నేను వీడియో డిలీట్ చేశాను. అయిదు నిమిషాలకు మా వదిన నాకే పంపింది, చూశావా వకుళా అని.

జులై 28, సోమవారం

స్టేషన్‌కు వెళ్లి అంతా రాసిచ్చాను. రెండు పేజీలు. తీసుకున్నారు. అదే వరండాలో ఒకాయన తన ఫోన్లో ఆ వీడియో పక్కాయనకు చూపిస్తున్నాడు.

జులై 29, మంగళవారం

ఆసుపత్రిలో తాతకు తెలివొచ్చింది. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. నన్ను చూడగానే, యాడ తప్పు జెప్పినానమ్మా అని అడిగాడు.

అప్పుడు చెప్పేశాను. హోంవర్క్, పదికి పది, పిన్ చేయడం, మెట్ల దాకా వెళ్లి తిరిగి రావడం, అన్నీ. ఏడుస్తూ, ముందూ వెనకా లేకుండా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

నమ్మలేదు. సిన్నపిల్లోళ్ల తప్పు నీ మీద ఏసుకుంటాండావు, నీకట్లాంటి బుద్ధి యాడిది బిడ్డా అన్నాడు. భార్య బీబీజాన్‌ను పిలిచి, మేడమ్మకు టీ పొయ్యి అన్నాడు. ఆమె ఫ్లాస్కు మూతలో పోసి రెండు చేతులతో ఇచ్చింది.

మళ్లీ మొదట్నుంచీ చెప్పి ఒప్పించాలి. ఒప్పించడమే కదా నా పని.

టీ తాగి వచ్చేశాను.